సవరణ: పీటీడీఎఫ్ స్కాలర్‌షిప్ నైజీరియన్లకే

పెట్రోలియం ఇంజనీరింగ్‌లో పీజీ చదివే ఆఫ్రికా విద్యార్థులకు దొరికే సాయం గురించి రాసిన గత టపాలో 'పీటీడీఎఫ్‌కు ఆఫ్రికా విద్యార్థులెవరైనా దరఖాస్తు పెట్టుకోవచ్చు' అని ఉంది. దాన్ని 'నైజీరియా పౌరులు మాత్రమే' అని చదువుకోగలరు.

పీటీడీఎఫ్ అంటే పెట్రోలియం టెక్నాలజీ డెవలప్‌మెంట్ ఫండ్, నైజీరియా ప్రభుత్వ సంస్థ. 1973లో పెట్టారు. అంతకుముందున్న గల్ఫ్ ఆయిల్ కంపెనీ శిక్షణ నిధిలో మిగిలిన సొమ్ము దీనికే చేరింది. తమ చమురును తవ్వి తీసే పనిలో తమవాళ్లే నిలదొక్కుకోవాలన్నది ఉద్దేశం కనుక పొరుగు దేశాల వారికి చోటు లేకపోవడంలో వింత లేదు. విదేశాల్లో ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ చేసేవారికి ఫీజులు, విమాన టికెట్లు, నెలవారీ ఖర్చులు, ఆరోగ్య బీమా అన్నీ ఇస్తారు. అయితే డిగ్రీ తర్వాత ఏడాదిపాటు చేసే జాతీయ యువజన సేవ ధ్రువపత్రం గానీ, దాని మినహాయింపు పత్రం గానీ చూపించాలి. మంచి మార్కులున్నవారు కూడా ఈ ఒక్క కాగితాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

ఘనాలో ప్రభుత్వ చమురు సంస్థ జీఎన్‌పీసీకి చెందిన ఫౌండేషన్ ఇచ్చే స్కాలర్‌షిప్‌లూ అంతే, ఘనా పౌరులకే. మిగతా దేశాల వారు నైజీరియా రాజధాని అబుజాలోని ఆఫ్రికన్ యూనివర్సిటీ ఆఫ్ సైన్స్ అండ్ టెక్నాలజీ వైపు చూడవచ్చు. అక్కడ పెట్రోలియం ఇంజనీరింగ్‌లో పీజీ ఉంది, ఇతర ఆఫ్రికా దేశాల వారినీ చేర్చుకుంటారు.