రంగు కలవకపోతే మొదట చూడవలసింది స్ప్రే గన్నునే

సొట్టపడిన ఒక్క తలుపుకే రంగు వేయించుకున్న కారు ఎండలోకి వచ్చాక, ఆ తలుపు పక్కనున్న ఫెండరుతో కలవడం లేదన్న ఫిర్యాదు డెంటింగ్, పెయింటింగ్ షెడ్లలో తరచూ వినిపించేదే. షెడ్డు యజమాని రంగు కలిపిన దుకాణాన్ని తప్పుపడితే, దుకాణదారు పెయింటరు థిన్నర్ పాళ్లు తప్పాడంటాడు. ఈ వాదనలో స్ప్రే గన్ను ఊసు రాకపోవడమే ఆశ్చర్యం.

మెటాలిక్ రంగుల ఛాయ డబ్బాలోనే ఖరారైపోదు. అందులోని సన్నని అల్యూమినియం రేణువులు తడి పొరలో ఎలా సర్దుకుంటాయన్నదాన్ని బట్టి, పొడిగా పడిన రంగు లేతగానూ, తడిగా పడినది ముదురుగానూ కనిపిస్తుంది. గన్నులో రంగు బయటికొచ్చే నాజిల్ అరిగి రంగు ఎక్కువగా వదిలినా, దాని చుట్టూ గాలిని చిమ్మే మూత, అంటే ఎయిర్ క్యాప్ రంధ్రాల్లో పాత రంగు గట్టిపడి తుంపర ఒకవైపే దట్టమైనా, ఎంత చేయి తిరిగిన మేస్త్రీ అయినా ఛాయను నిలకడగా ఉంచలేడు.

లోపం ఎక్కడుందో తేల్చడానికి ఖరీదైన పరికరాలేమీ అక్కర్లేదు. గోడకు అంటించిన కాగితంపై ఒకసారి కొట్టి చూస్తే, పొడవాటి కోలగా పడవలసిన తుంపర చంద్రవంకలా వంగిందనుకుందాం. ఎయిర్ క్యాప్‌ను సగం తిప్పి మళ్లీ కొట్టినప్పుడు ఆ వంపు కూడా తిరగబడితే మురికి క్యాప్‌లో ఉన్నట్టు, వంపు మారకపోతే నాజిల్‌లోనో, దాన్ని మూసి తెరిచే సూది అయిన నీడిల్ కొనలోనో ఉన్నట్టు. తుంపర ఆగి ఆగి ఉమ్మినట్టు పడుతుంటే కప్పు మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయిందేమో, నాజిల్ వదులైందేమో చూడాలి.

పని ముగిశాక గన్నును మొత్తంగా థిన్నర్‌లో ముంచి తెల్లవారేదాకా వదిలేయడం శుభ్రత అనిపించుకుంటోంది గానీ, దానివల్ల లోపలి సీళ్లు ఎండి బిగుసుకుపోతాయి, కదిలే భాగాల నూనె కరిగిపోతుంది. రంధ్రాలను ఇనుప తీగతో పొడవడం ఇంకా చెరుపు. కంటికి కనిపించనంత గీత పడినా తుంపర దారి మారిపోతుంది కనుక మెత్తని బ్రష్షో చెక్క పుల్లో వాడాలి. హార్డనర్ కలిపిన టూ-ప్యాక్ రంగయితే కప్పులో మిగిలినది గట్టిపడకముందే కడిగి తీరాలి, గట్టిపడ్డాక మామూలు థిన్నర్ దాన్ని కరిగించలేదు. నూనె రాసేటప్పుడు సిలికాన్ లేనిదే ఎంచుకోవాలి. సిలికాన్ చుక్క తగిలినా రంగు పొరలో చిన్న గుంటలు లేస్తాయి. కోస్తా తేమలో పనిచేసే షెడ్లయితే కంప్రెసర్ ట్యాంకులో చేరిన నీటిని రోజూ వదలడం కూడా ఈ లెక్కలోదే.

ఎక్కువ గాలిని తక్కువ పీడనంతో వదిలే హెచ్‌వీఎల్‌పీ గన్నులు కొన్నంత మాత్రాన ఈ బాధ్యత తీరదు. ఎయిర్ క్యాప్ వద్ద పీడనం 10 పీఎస్‌ఐ మించకుండా రంగు వృథాను తగ్గించే ఆ గన్నులు మురికి పడితే పాతవాటికన్నా మెరుగ్గా ఏమీ పనిచేయవు.

అసలు చిక్కు పని పంపకంలో ఉంది. రోజంతా గన్ను పట్టిన మేస్త్రీ చేతులు కడుక్కుని వెళ్లిపోతే, దాన్ని కడిగే పని కొత్తగా చేరిన కుర్రాడికి, అదీ వాడేసిన థిన్నర్‌తో, మాస్కు కూడా లేకుండా చేరుతోంది. తుంపర తేడాను చేతితో పసిగట్టగలిగేది మేస్త్రీయే కాబట్టి విప్పడం, చూడడం, బిగించడం అతని పనిలోనే భాగం కావాలి. ఆ సమయానికీ, శుభ్రమైన థిన్నర్‌కూ అయ్యే ఖర్చును యజమాని ప్రతి బండి అంచనాలోనూ వేసుకోవాలి.