రెండో ఆదివారం

పోయిన నెల మా ఊరి చెరువులోకి నీళ్లు తెచ్చే కాలువలో సర్కారు తుమ్మ కొట్టడానికి శ్రమదానం పెట్టాం. మాది మునుగోడు వైపు ఊరు. మొదటి ఆదివారం అరవై మంది వచ్చారు. ఫ్లెక్సీ, టిఫిన్లు, గొడ్డలి పట్టుకుని ఫొటోలు. రెండో ఆదివారం తొమ్మిది మందిమి. అందులో ఇద్దరు గొర్లు కాసే ముసలోళ్లు, వాళ్లనైతే ఎవరూ పిలవలేదు కూడా.

ఈ పోస్టు రానివాళ్లను తిట్టడానికి కాదు. సరే, కొంచెం తిట్టడానికే.

సర్కారు తుమ్మ పైపైన నరికితే చావదు. మొద్దు నుంచి మళ్లీ పిలకలు వేసి ముందుకన్నా గుబురుగా లేస్తుంది. వేరుతో సహా తవ్వి తీయాలి. అంటే మొదటి రోజు ఫొటోల్లో ఉన్నదంతా నరకడమే. గడ్డపార పని రెండో ఆదివారం మొదలైంది. దానికి ఫొటోలు లేవు, తీయడానికి ఎవరి చెయ్యీ ఖాళీగా లేదు.

హైదరాబాద్‌లో ఉండే తమ్ముడొకతను ఫోన్ చేసి, "అన్నా, మీకెందుకు కష్టం, జేసీబీ కిరాయి నేను ఫోన్ పే చేస్త" అన్నాడు. మంచి మనసే, డబ్బులు తీసుకున్నాం కూడా. జేసీబీ ఒక్క పూటలో చాలా లాగేసింది. కానీ గట్టు ఎక్కడ మెత్తబడిందో, కాలువను ఎవరు చేనులో కలుపుకున్నారో డ్రైవర్‌కు ఏం తెలుసు? అవి చూపించింది ఆ గొర్ల కాపరులే. ఒకప్పుడు ఇవన్నీ చూసుకోవడానికి ఊళ్లో నీరటి ఉండేవాడు. తూము ఎప్పుడు తెరవాలో, ఎవరి మడికి ఎంత తడో అతని లెక్క. నీరటి పోయాడు, పని మాత్రం అట్లనే ఉంది.

2015లో చెరువులు బాగుచేసే పథకం మిషన్ కాకతీయ మొదలైనప్పుడు పూడిక సర్కారు తవ్వించింది, ఆ మట్టిని రైతులు సొంత ఖర్చుతో ట్రాక్టర్లలో తోలుకున్నారు. ఎవరూ బతిమాలలేదు. ఒండ్రు మన చేనులో పడుతుంది కదా. కాలువ ఎవరి చేనూ కాదు. అందుకే దాని దగ్గరికి వచ్చేసరికి అందరికీ సేవాభావం మీద ఉపన్యాసాలు గుర్తొస్తాయి.

మా నాయనమ్మకు తొంభై దాటాయి. నేను గడ్డపార భుజాన వేసుకుని బయలుదేరుతుంటే, "ఏం రా, మల్ల వెట్టి మొదలైందా?" అంది. అప్పుడు నవ్వాను గానీ ఆ మాట నన్ను వదల్లేదు. పైసా ఇవ్వకుండా చాకిరీ చేయించుకున్న దొరల కాలం చూసిన మనిషి. 1946 నుంచి 1951 దాకా ఇక్కడ సాయుధ పోరాటం నడవడానికి ఆ వెట్టి కూడా ఒక కారణం.

అందుకే ఒక ఆఫీసులో కాలువ సంగతి అడిగితే "మీ యూత్ ఉంది కదా, శ్రమదానం చేసుకోండి" అన్నప్పుడు నాకు మండింది. మా అంతట మేం చేస్తే శ్రమదానం. జీతం తీసుకునేవాళ్లు తప్పించుకోవడానికి మా మీదికి నెడితే దాన్ని నాయనమ్మ మాటతోనే పిలవాలి. తుమ్మ మేం తీస్తాం. కాలువ హద్దు కొలిచి రాళ్లు పాతడం మాత్రం సర్వేయర్ రానిదే కాదు. అర్జీ పెట్టాం.

ఇంకా రెండు వందల గజాల దాకా మొద్దులున్నాయి, వానలు పడకముందే లేపాలి. వచ్చే ఆదివారం పొద్దున ఆరింటికి కట్ట మైసమ్మ దగ్గర ఉంటాం. గట్టి చెప్పులు వేసుకుని రండి, ఆ ముల్లు స్లిప్పర్లలోంచి సీదా కాల్లోకి దిగుతుంది. టిఫిన్ లేదు, ఛాయ్ ఉంది. ఫ్లెక్సీ కూడా ఉంది, కంప లాగెయ్యడానికి వాడుతున్నాం.