అయిదు బ్రాంచీలు, ఒక డబ్బా

"జట్టులో కనీసం అయిదు విభాగాల విద్యార్థులు ఉండవలెను." అంతరిక్ష పోటీల సర్క్యులర్లలో ఈ వాక్యం రాసిన మహానుభావుడెవరోగాని ఆయనకి వేయి దండాలు. ఆయన ఉద్దేశంలో లోపం లేదు. ఉపగ్రహం ఒక్క చదువుతో ఎగిరేది కాదు. వేడి సంగతి ఒకరు, కరెంటు సంగతి ఒకరు, రేడియో ఒకరు, అసలు దాన్ని ఎందుకు పంపిస్తున్నామో ఇంకొకరు చూడాలి. కాని ఆ వాక్యం నాగావళి దాటేసరికి రిజిస్ట్రేషన్ ఫారంలో అయిదు ఖాళీ గడులైపోతుంది. గడులున్నాక నింపడం మనకి కొత్తా?

ఈసీఈ కుర్రాడు ఒకడుంటాడు, పనంతా వాడిదే. సీఎస్‌ఈ వాడు పీపీటీ చేస్తాడు. మెకానికల్ వాడికి బైకుంది కాబట్టి విశాఖపట్నం వెళ్లి సామాన్లు తెస్తాడు. సివిల్ వాడు గ్రౌండులో సున్నంతో పెద్ద సున్నా చుట్టి 'ల్యాండింగ్ జోన్' అని రాస్తాడు. అయిదో గడికి బీఎస్సీ బోటనీ అమ్మాయిని పట్టుకొస్తారు. ఫారంలో ఆమె హోదా 'లైఫ్ సైన్సెస్ లీడ్'. గ్రౌండులో ఆమె పని ముఖ్య అతిథికి బొకే ఇవ్వడం.

ఇక ఆ జట్టు క్యాన్‌శాట్ ప్రయోగం. శ్రీకాకుళం, విజయనగరం కాలేజీల్లో జరిగేవన్నీ కలిపి ఒక్క ఉదయంగా చూద్దాం; పెద్ద తేడా ఏమీ ఉండదు. క్యాన్‌శాట్ అంటే కూల్‌డ్రింకు డబ్బా అంత నమూనా ఉపగ్రహం. ఐరోపా పోటీల కొలత ప్రకారం ఎత్తు 115 మిల్లీమీటర్లు, వ్యాసం 66, బరువు 300 నుంచి 350 గ్రాములు. లోపల బుల్లి కంప్యూటరు లాంటి ఈఎస్‌పీ32 బోర్డు, గాలి పీడనం చూసే బీఎంపీ280, జీపీఎస్, అంకెల్ని దూరానికి పంపే లోరా రేడియో, మెమరీ కార్డు, ఒక లిథియం సెల్లు. పైన పారాచూట్. డ్రోను పైకి తీసుకెళ్లి వదిలేస్తే డబ్బా దిగుతూ అంకెలు పంపాలి.

కార్యక్రమం 9 గంటలకి. స్విచ్ మూత లోపలుంది, మూతకి గ్లూగన్ పెట్టాలి, కాబట్టి ఎనిమిదిన్నరకే ఆన్ చేసి మూసేస్తారు. ముఖ్య అతిథి వచ్చేది 11:40కి. ఈలోగా ఎవరో సారుకి డబ్బా మరీ బోసిగా కనిపిస్తుంది. ఇస్రో కళ రావాలంటారు. బంగారు రంగు గిఫ్టు కాగితం తెప్పిస్తారు. అసలు ఉపగ్రహాల మీద బంగారంలా మెరిసేది వేడిని అదుపులో ఉంచే పొరల దుప్పటి. యాంటెన్నాకి అది అడ్డం రాకుండా కత్తిరించి వదులుతారు. ఇక్కడ లోహపు పూత ఉన్న కాగితాన్ని జీపీఎస్ యాంటెన్నా మీంచే, ముడత పడకుండా, శ్రద్ధగా అతికిస్తారు. ఇక జీపీఎస్‌కి ఏ ఉపగ్రహం కనబడుతుంది? అక్షాంశం సున్నా, రేఖాంశం సున్నా. అంటే మన డబ్బా ఆఫ్రికా పక్కన గినీ సింధుశాఖ నీళ్లలో ఉన్నట్టు. దాన్నెవరూ పట్టించుకోరు, ఎందుకంటే తెర మీద అంతకన్నా ఘనమైన అంకె వెలుగుతోంది: ఎత్తు 110 మీటర్లు.

డబ్బా బల్ల మీదే ఉంది. జీడిపప్పు ప్లేటు పక్కన.

కారణం చిన్నదే. సముద్రమట్టం దగ్గర పీడనం 1013.25 హెక్టాపాస్కల్స్ అని ప్రోగ్రాంలో రాసిపెట్టి ఉంటుంది. ఆ రోజు బంగాళాఖాతంలో అల్పపీడనం. నేల మీదే 1000 ఉంది. ఒక్కో హెక్టాపాస్కల్ తగ్గితే ఎనిమిదిన్నర మీటర్లు పైకెళ్లినట్టు లెక్క. ఎగిరే ముందు నేల మీద ఓ యాభై రీడింగులు తీసి, వాటి సగటునే సున్నా అనుకోమంటే పని అయిపోను. చెప్పే ఫిజిక్స్ కుర్రాడు జట్టులో లేడు. అయిదు గడులూ నిండిపోయాయి. అతిథిగారు తెర చూసి, "అప్పుడే నూట పది మీటర్లా! శభాష్!" అంటారు. చప్పట్లు. యాంకరమ్మ మైకులో మళ్లీ చెబుతుంది. మళ్లీ చప్పట్లు. ఈసీఈ కుర్రాడు నోరు తెరవబోతాడు, హెచ్ఓడీగారు కళ్లతోనే మూయిస్తారు. వాయుగుండం ఇంకాస్త దగ్గరకొచ్చుంటే ఆ డబ్బా డ్రోను లేకుండానే రికార్డు కొట్టేది.

జ్యోతి వెలిగించాలి. గాలికి ఆరిపోతుంది. మళ్లీ వెలిగించాలి. శాలువాలు, మెమెంటోలు, ప్రసంగాలు. ఇంతసేపూ లోపల సెల్లు తరిగిపోతూనే ఉంది. బోర్డుకి 3.3 వోల్టులు ఇచ్చే ఏఎంఎస్1117 రెగ్యులేటరుకి సెల్లు వైపు నుంచి దాదాపు 4.4 రావాలి. ఒక్క లిథియం సెల్లు నిండుకుండలా ఉన్నప్పుడే 4.2. నాలుగు గంటల తర్వాత 3.6కి దిగాక రేడియో గట్టిగా పలికిన ప్రతిసారీ వోల్టేజి పడిపోతుంది, బోర్డు రీసెట్ అవుతుంది. రీసెట్ అయిన ప్రతిసారీ ప్రోగ్రాం మెమరీ కార్డులో అదే పేరుతో ఫైలు కొత్తగా తెరిచి, అంతకుముందున్నదాన్ని తుడిచేస్తుంది. డ్రోను 100 మీటర్లెక్కి వదిలేసరికి డబ్బా దగ్గర గతమూ లేదు, వర్తమానమూ లేదు.

పారాచూట్ సంగతీ చెప్పాలి. 350 గ్రాములు సెకనుకి 8 మీటర్ల వేగంతో దిగాలంటే 37 సెంటీమీటర్ల గుండ్రటి బట్ట చాలు, నడిమధ్య చిన్న చిల్లుతో. చిల్లు లేకపోతే గాలి అంచుల్లోంచి తప్పించుకుంటూ డబ్బాని ఊపేస్తుంది. కాని 37 సెంటీమీటర్లలో కాలేజీ పేరు, లోగో, కరస్పాండెంటుగారి ఫొటో పట్టవు. మీటరు చేశారు. చిల్లు సరిగ్గా ఫొటో మీదకి వస్తోందని కుట్టేశారు. వేగం 3 మీటర్లకి పడిపోయింది, దిగడానికి అరనిమిషం పైన, గాలి సెకనుకి 5 మీటర్లు. కరస్పాండెంటుగారు సున్నం గీత దాటి, ప్రహరీ దాటి, 160 మీటర్ల అవతల తాటిచెట్టు మీద వాలారు. చెట్టెక్కి దింపినాయనది ఆరో విభాగం. సర్టిఫికెట్లో ఆయన పేరుండదు.

నవ్వుకున్నాం, సరే. 2024 డిసెంబర్ 30న పీఎస్‌ఎల్‌వీ-సీ60 రాకెట్ చివరి దశ మీద, ఆ దశనే ప్రయోగశాలగా వాడుకునే పోయెమ్-4లో, బెంగళూరు ఇంజినీరింగ్ విద్యార్థుల పెట్టె ఒకటి కక్ష్యకి వెళ్లింది. అందులో ఉన్నవి బ్యాక్టీరియా. దాని పక్కనే ఇస్రోవాళ్లు బొబ్బరి గింజలు మొలకెత్తించారు, నాలుగు రోజుల్లో. అలాంటి పెట్టెలో ఎంత వేడి ఉండాలి, ఎంత తడి ఉండాలి అన్నది ముందు జీవశాస్త్రం వాళ్లు చెప్పాలి. హీటరెంత, బ్యాటరీ ఎంత అన్నది ఆ తర్వాత. అక్కడ బోటనీ పిల్ల చేతిలో బొకే ఉండదు.

మరి మన పీపీటీల్లో రెండో స్లైడు చూశారా? 'నిజజీవిత సమస్య' అని పెద్దక్షరాలు, కింద ఇంటర్నెట్లో దొరికిన ఏ దేశపు జాలరి బొమ్మో. మూడో స్లైడులో పరిష్కారం: మొబైల్ యాప్. భావనపాడులోనో కళింగపట్నంలోనో ఒక్క మనిషిని అడిగుంటే, "లోపలికెల్తే సిగ్నలే ఉండదు బాబూ, మరి ఆ యాపెలాగాడతాది?" అనేవాడు. జీపీఎస్‌కి మెరుగులు దిద్దే మన గగన్ వ్యవస్థ ఉపగ్రహాల ద్వారా తుపాను కబురు పడవకి చేర్చే జెమిని పరికరం 2019లోనే వచ్చింది. అది వినగలదు, తిరిగి పలకలేదు. బదులు చెప్పే పరికరం కావాలంటే చేత్తో తాడు లాగి ఇంజను తిప్పే ఫైబర్ తెప్ప మీద కరెంటెక్కడిది, ఉప్పునీళ్లకి కనెక్టరు ఎన్నాళ్లు ఆగుతుంది, వల లాగేటప్పుడు యాంటెన్నా ఎక్కడ కట్టాలి? అయిదు బ్రాంచీలకీ చేతినిండా పనుంది ఇందులో. ఎవడికీ అక్కర్లేదు.

ఉద్దానం ఇంకా ఘోరం. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి కొబ్బరిని, జీడిని నేలమట్టం చేసింది. ఉచితంగా దొరికే సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రంలో ఒక్కో చుక్క 10 మీటర్లు. కొబ్బరిచెట్టుకి చెట్టుకి మధ్య ఉండేది ఏడెనిమిది. చెట్లు లెక్కపెట్టడం దాని వల్ల కాదు. పైగా నెల తిరిగేసరికి కింద గడ్డీ గాదం లేచి తోటంతా పచ్చగా కనిపిస్తుంది. కంప్యూటరు 'కోలుకుంది' అంటుంది. మొవ్వు విరిగిన కొబ్బరి నిలబడే ఉన్నా చచ్చినట్టేనని, కొత్త మొక్క కాపుకొచ్చేసరికి ఆరేడేళ్లని ఆ కంప్యూటరుకి ఎవడు చెబుతాడు? చెప్పాల్సింది ఆ బోటనీ పిల్లే! ఆమెకి బొకే ఇచ్చి నిలబెట్టిన చదువులు కాలిపోనీ. తోటల్లో తిరిగి నిలిచినవేవో చచ్చినవేవో గుర్తుపెట్టి చిత్రంతో సరిచూస్తాం, జట్టుని పలాస, కవిటి పంపండి అంటే ఆఫీసులో ఏమంటారో తెలుసా? బస్సు టికెట్లకి పద్దు లేదంటారు. శాలువాలకి ఉందట.