రిజల్యూషన్ జోలికి వెళ్లకండి

“కొత్త ల్యాప్‌టాప్‌లో అక్షరాలు చీమల్లా కనిపిస్తున్నాయా? రిజల్యూషన్ తగ్గించేయండి. కళ్లు పాడవవు, బ్యాటరీ మిగులుతుంది. అసలు ల్యాప్‌టాప్‌కి 4కె స్క్రీన్ దండగ.” గ్రూపుల్లో తెగ తిరుగుతున్న సలహా ఇది. రిజల్యూషన్ అంటే తెర మీది బొమ్మలో అడ్డంగా, నిలువుగా ఎన్ని చుక్కలన్న లెక్క, 4కె అంటే 3840×2160. అక్షరాలు చిన్నగా కనిపించడం నిజమే. చెప్పిన మందే తేడా.

“రిజల్యూషన్ తగ్గిస్తే అక్షరాలు పెద్దవవుతాయి.” అవుతాయి, దాంతోపాటు మసకబారతాయి. తెరలోని పిక్సెళ్లు (బొమ్మను చూపే అతిచిన్న గళ్లు) తయారీలో అమర్చినవి, సెట్టింగ్ మారిస్తే తగ్గేవి కావు. 2560×1440 తెరకు 1920×1080 బొమ్మ పంపితే ఒక్కో చుక్కను అడ్డంగా 1.33, నిలువుగా 1.33 పిక్సెళ్ల మీద పరచాలి. పిక్సెల్‌లో మూడో వంతును విడిగా వెలిగించలేం కాబట్టి కంప్యూటర్ పక్కపక్క రంగులను కలిపి సర్దేస్తుంది. అక్షరాల అంచులు అలుక్కుపోయేది అక్కడే. తెలుగు చదివేవాళ్లకు ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. ప, ఫ, షల మధ్య తేడా ఒక చిన్న గీత, కింద వచ్చే ఒత్తులు అంతకన్నా చిన్నవి.

4కె నుంచి 1920×1080కి దిగితే ఒక చుక్కకు సరిగ్గా నాలుగు పిక్సెళ్లు వస్తాయి కదా అంటారేమో. లెక్క సరిపోతుంది. కానీ చాలా గ్రాఫిక్స్ డ్రైవర్లు (తెరకు బొమ్మ పంపే చిప్‌ను నడిపే సాఫ్ట్‌వేర్లు), మనం ప్రత్యేకంగా మార్చకపోతే, అక్కడా అంచులను మెత్తబరుస్తాయి. మసక లేకపోయినా, 82 లక్షల పైచిలుకు పిక్సెళ్లున్న తెరను 20 లక్షల తెరలా వాడుకున్నట్టే.

మార్చాల్సింది స్కేల్, అంటే అక్షరాలు, బటన్లు ఎంత పెద్దగా గీయాలన్న సెట్టింగ్. విండోస్‌లో 100 శాతం స్కేల్ అంటే అంగుళానికి 96 పిక్సెళ్లన్న లెక్క. 15.6 అంగుళాల 4కె తెరలో అంగుళానికి దాదాపు 282 ఉంటాయి. అందుకే 4 మిల్లీమీటర్ల పైన ఉండాల్సిన 16 పిక్సెళ్ల ఫాంటు ఒకటిన్నర మిల్లీమీటర్ కూడా రాదు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో డిస్‌ప్లేకి వెళ్లి స్కేల్‌ను 250 శాతం చేస్తే అదే అక్షరాన్ని విండోస్ 40 పిక్సెళ్లతో కొత్తగా గీస్తుంది. ఉన్న బొమ్మను సాగదీయడం కాదిది. మెనూలు, బటన్లు బాగానే ఉండి అక్షరాలొక్కటే చాలకపోతే, యాక్సెసిబిలిటీలో టెక్స్ట్ సైజ్ అని వేరే మీట ఉంది, 225 శాతం దాకా పెరుగుతుంది. మ్యాక్‌లో ఇదంతా డిస్‌ప్లే సెట్టింగ్స్‌లోనే, ‘లార్జర్ టెక్స్ట్’ వైపు జరిపితే చాలు.

“అంత స్కేల్ పెట్టాక 4కె ఎందుకు?” ఎక్కువ కిటికీలు పట్టించడానికైతే దండగే, ఒప్పుకుంటాను. 4కె లాభం అక్షరం నున్నగా, అచ్చులో ఉన్నట్టు కనబడటంలో ఉంది. రోజంతా చదివేవాళ్లకు అది తక్కువేం కాదు.

“స్కేల్ పెంచితే కొన్ని సాఫ్ట్‌వేర్లు మసగ్గా వస్తాయి.” ఇందులో నిజముంది. పాత ప్రోగ్రాములకు స్కేల్ సంగతి తెలియదు, విండోస్ వాటి బొమ్మను సాగదీసి చూపిస్తుంది. ఆ ఒక్కదాని కోసం తెర మొత్తాన్ని పాడుచేసుకోనక్కర్లేదు. ప్రోగ్రాం మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, కంపాటిబిలిటీ, హై డీపీఐ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఓవర్‌రైడ్‌కు టిక్ పెట్టి ‘సిస్టమ్ (ఎన్‌హాన్స్‌డ్)’ ఎంచుకోండి. చాలావాటికి పనిచేస్తుంది, అన్నిటికీ కాదు. ఇబ్బంది వెబ్ పేజీల్లోనే అయితే ఇవేవీ అక్కర్లేదు, కంట్రోల్ పట్టుకుని ప్లస్ నొక్కితే సరి. ఏ సైట్‌కి ఎంత జూమ్ పెట్టారో క్రోమ్ గుర్తుపెట్టుకుంటుంది.

బ్యాటరీ మాటకొస్తే, గేముల్లో రిజల్యూషన్ తగ్గిస్తే గ్రాఫిక్స్ చిప్ మీద భారం తగ్గే మాట నిజం. మామూలు పనిలో తేడా నామమాత్రం. ఎల్‌సీడీ తెరలో కరెంటు ఎక్కువగా తాగేది వెనక వెలిగే లైటు, అది రిజల్యూషన్ ఎంత పెట్టినా ఒకేలా వెలుగుతుంది. తగ్గించాల్సింది బ్రైట్‌నెస్.

ఇక కళ్లు. చిన్న అక్షరాలను గుచ్చి గుచ్చి చూస్తే కళ్లు అలసిపోతాయి, మండుతాయి, తలనొప్పి వస్తుంది. అంతమాత్రాన చూపు శాశ్వతంగా దెబ్బతినదు, ఆ టెన్షన్ వద్దు. అయితే నలభై దాటినవాళ్లు ఒకటి గమనించాలి: స్కేల్ పెంచాక కూడా తెరను దూరంగా జరిపితేనే అక్షరం తేటగా కనిపిస్తోందంటే, అది చత్వారం కావచ్చు. దానికి ల్యాప్‌టాప్‌లో సెట్టింగ్ ఉండదు, కంటి పరీక్ష చేయించుకోవాలి. అద్దాలు రాసేటప్పుడు ల్యాప్‌టాప్‌ ఎంత దూరంలో పెట్టుకుంటారో డాక్టరుకు చెప్పండి, పుస్తకం పట్టుకునే దూరం, ఆ దూరం ఒకటి కాదు.