ముఖ్య అతిథి కుర్చీ గారికి ఒక వాలంటీరు రాయునది

కుర్చీ గారికి నమస్కారాలు. నిన్న టాంజానియాలో డొడొమా దాటాక ఒక పల్లె బడి దగ్గర తమరిని చూసుకుంటూ రోజంతా గడిపిన వాళ్లలో నేనొకణ్ణి. నీలం శాటిన్ గుడ్డ, వెనకాల రిబ్బను ముడి, ముందు టీపాయ్ మీద నీళ్ల సీసా, అచ్చం పెళ్లికొడుకే. టెంటు నీడ కూడా మీకే. పిల్లలకి బావొబాబ్ చెట్టుంది గానీ వానల్లేని కాలం కదా, దాని మీద ఒక్క ఆకు లేదు.

పిల్లలకి పరుపులు, దోమతెరలు పంచే కార్యక్రమం 'సా న్నే', అంటే నాలుగింటికి, అన్నారు. స్వాహిలి లెక్క పొద్దున ఆరు నుంచి మొదలు, అందులో నాలుగంటే మనకి పొద్దున పది. దారెస్సలాంలో ఆరేళ్లుగా ఉంటున్నా కాబట్టి నేను పొరబడలేదు. మ్గేని రస్మి, అదే మన ముఖ్య అతిథి, మాత్రం మన సాయంత్రం నాలుగుకే వచ్చారు.

ఈలోపు 150 మంది పిల్లలు మట్టిలో కూర్చున్నారు. ఎదురుగా 150 పరుపులు, చుట్టిపెట్టి, ప్లాస్టిక్ కూడా విప్పకుండా. ఒక బుడ్డోడు పరుపుల గుట్టకి ఆనుకుని కునుకు తీయబోతే టీచరమ్మ లేపేసింది. పంచేద్దాం సార్, పిల్లలు సొమ్మసిల్లేలా ఉన్నారు అని నిర్వాహకుడి చెవిలో అంటే ఆయన నోరు విప్పలేదు, మీ వైపు వేలు చూపించాడు. అక్కడికి ఏదో మీరే పరుపులు కొన్నట్టు! (బ్యానర్ సంగతి ఎత్తను. అది పరుపు కంటే పెద్దది.)

సరే, ఆయన వచ్చారు. కూర్చోలేదు! నిలబడే ముప్పావుగంట మాట్లాడారు. మలేరియా దోమ రాత్రిపూట కుడుతుంది, దోమతెరలో పడుకోవాలి అని. ఒక్క పిల్లకి నలుగురు పెద్దలు కలిసి ఒక్క పరుపు ఇచ్చారు, ఫోటో సరిగ్గా రాలేదని వెనక్కి తీసుకుని మళ్లీ ఇచ్చారు, వెళ్లిపోయారు. మా ఊళ్లో ఆస్పత్రి మంచం దగ్గర అరటిపండు పంచే సీనే, ఖండం మారిందంతే.

మిగతా 149 మేం పరుగుల మీద పంచాం. కొత్త దోమతెరకి మందు పూసి ఉంటుంది, ఒక రోజు నీడలో ఆరేసి అప్పుడు వాడాలి. తల్లులకి ఆ ముక్క చెప్పడానికి వారం రోజులు స్వాహిలి బట్టీ పట్టాను. నాకు మాట్లాడమని ఇచ్చిన ఐదు నిమిషాలు ఎగిరిపోయాయి. చివరికి కదులుతున్న బండి కిటికీలోంచి అరిచి చెప్పాను. ఎవరికి వినపడిందో.

ఏడయ్యేసరికి దీపం ఆర్పినట్టు చీకటి పడింది. తమకంటే పొడుగున్న పరుపు నెత్తిన పెట్టుకుని ఆ పిల్లలు ఇళ్లకి నడిచారు. దోమలు లేచే వేళకి దోమతెరలు సంచుల్లో, పిల్లలు దారిలో. ఇదంతా ఎవడి కోసం? నీ కోసం! ఖాళీగా ఉన్న నీ కోసం!

బండెక్కేముందు కసికొద్దీ నీ మీద నేనే కూర్చున్నాను. ఒక కాలు పొట్టి నీకు. ఆరు గంటలు కాపలా కాశాం, ఒక్కడూ చూసుకోలేదు.

ఇట్లు,
ఫోటోలో రెండో వరసలో నవ్వుతూ నిలబడ్డ ఒకడు