హెచ్, బీ, ఓ గార్లకు బారసాల శుభాకాంక్షలు

అమెరికా చందా టీవీ ఛానల్ హెచ్‌బీఓ పేరులోని గౌరవనీయులైన మూడక్షరాల గార్లకు,

2025 జులై 9న మిమ్మల్ని మళ్లీ 'హెచ్‌బీఓ మ్యాక్స్' అని యాప్ గుమ్మానికి ఎక్కించారని విని సంతోషించాం. 2023 మేలో మిమ్మల్ని పీకేసి ఒట్టి 'మ్యాక్స్' అని బోర్డు కట్టినప్పుడూ శుభాకాంక్షలు రాయబోయి ఆగాం, ఎందుకైనా మంచిదని.

అంతకుముందు యాప్‌ల పేర్లలో మీ పక్కన తగిలించిన తోకలు: 2010లో 'గో', 2015లో 'నౌ', 2020లో 'మ్యాక్స్'. పొమ్మన్నారు, ఇప్పుడే అన్నారు, ఆపైన బోలెడంత అన్నారు. కేబుల్ ఉంటే గో, లేకుంటే నెలకు 14.99 డాలర్లు కట్టి నౌ. కట్టేవాడికే తనదేదో తెలిసేది కాదు.

మీ కాపురం 1972 నవంబర్ 8న, పెన్సిల్వేనియాలోని విల్క్స్‌బ్యారీలో 365 మంది చందాదారులతో, ఓ ఐస్ హాకీ మ్యాచ్‌తో మొదలైంది. ప్రకటనల్లేవు, చందాయే కూడు. కిటుకంతా అక్కడే ఉంది. ప్రకటనల ఛానల్‌కు ఎంతమంది చూశారన్నదే లెక్క. మీకేమో నెలాఖరున ఎవరూ చందా మానేయకూడదు. ఇంటిల్లిపాదికీ అన్నీ నచ్చక్కర్లేదు, ఒక్కొక్కరికీ వదులుకోలేనిది ఒక్కటుంటే చాలు. సబ్బుల కంపెనీ అలుగుతుందన్న బెంగ లేదు కనుకే 1999లో మీ సీరియల్ 'ది సోప్రానోస్'లో హత్యలు చేసే ముఠా నాయకుడు సైకియాట్రిస్టు ముందు కూర్చుని తీరిగ్గా గోడు వెళ్లబోసుకున్నాడు.

మీ మరో సీరియల్ 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' తొలి పైలట్ (నమూనా ఎపిసోడ్) బాగా రాలేదని చాలావరకు మళ్లీ తీశారు, ఇద్దరు నటీమణుల్ని మార్చారు. మొదటిది అలాగే వదిలేసి ఉంటే?

2018లో ఫోన్ల కంపెనీ ఏటీ అండ్ టీ మీ యజమాని అయింది. జనం వారానికి కొన్ని గంటలు చూస్తే చాలదు, రోజుకు గంటలు చూడాలంది. ఆవకాయ జాడీ ముందు నిలబడి రోజుకు ఎన్ని బకెట్లు వస్తుందని అడిగినట్టు! మరుసటి ఫిబ్రవరిలో మీ అధిపతి రిచర్డ్ ప్లెప్లర్ వెళ్లిపోయారు. 2022లో డిస్కవరీ ఛానల్ వాళ్లు యజమానులుగా వచ్చి, పొదుపు పేరిట మీ సీరియల్ 'వెస్ట్‌వరల్డ్'ను సొంత యాప్‌లోంచే తీసేశారు.

ఇంత జరిగినా కార్యక్రమాల పగ్గాలు 2016 నుంచి కేసీ బ్లాయిస్ చేతిలోనే ఉన్నాయి. ఆదివారం రాత్రి తొమ్మిదింటికి పెద్ద సీరియల్ వారానికొక్క ఎపిసోడే. పదీ ఒకేసారి గుమ్మరిస్తే చూసేసి ఆ నెలలోనే చందా ఆపేస్తారు. వారానికొకటైతే మూడు నెలల చందా ముడుతుంది, పైగా వారమంతా దాని మీదే కబుర్లు. కళ, కక్కుర్తి ఒకే మంచం మీద పడుకున్న అరుదైన సందర్భం.

మా దేశంలో 2020 డిసెంబర్‌లో మీ ఛానల్ మూసేశారు. అప్పట్నుంచి మీవి పరాయి యాప్‌లలో అద్దె బతుకులే.

మీ కార్యక్రమాల మొదట్లో టీవీలో చుక్కల రొద, వెనకాలే 'ఆఁ...' అని ఓ స్వరం, 1993 నుంచీ ఉంది కదా, అది ఇంకా మిగిలింది. దయచేసి కన్సల్టెంట్ల చెవిన వేయకండి.

ఇట్లు,
మీ పేర్లు మర్చిపోని చందాదారులు