నాలుగో సబ్జెక్టు కన్నా ముందు లెక్కలు చూడండి

కంప్యూటర్ సైన్స్‌లో బీఈ చేయాలంటే పీయూసీలో (కర్ణాటకలో ఇంటర్ లాంటి రెండేళ్ళ చదువు) కంప్యూటర్ సైన్స్ ఉండి తీరాలని ఒక వ్యాసంలో రాశారు. అది సరికాదు. మేం బెంగళూరు మారతహళ్ళిలో ఉంటాం. పదో తరగతి అయ్యాక మా అమ్మాయికి పీసీఎంసీలో (ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్‌తో పాటు నాలుగో సబ్జెక్టుగా కంప్యూటర్ సైన్స్) సీటు దొరక్క ఇంట్లో అందరం టెన్షన్ పడ్డాం. చివరికి నాలుగో సబ్జెక్టుగా బయాలజీ ఉండే పీసీఎంబీలో చేర్చాం. ఇప్పుడు బీఈ కంప్యూటర్ సైన్సే చదువుతోంది.

కర్ణాటక ప్రవేశ పరీక్ష కేసెట్‌లో ఇంజనీరింగ్ ర్యాంకుకు చూసేది ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్. పరీక్షలో ఒక్కోదానికి 60 మార్కులు. ర్యాంకులో సగం ఈ మార్కులది, మిగతా సగం రెండో పీయూసీలో ఈ మూడింటికీ వచ్చిన మార్కులది. బయాలజీ తీసుకున్నా, స్టాటిస్టిక్స్ తీసుకున్నా ర్యాంకు మారదు. అయితే నీట్ రాయని పిల్లలకు బయాలజీ భారమే, రికార్డులకే బోలెడు టైమ్ పోయింది. పైగా మొదటి సెమిస్టర్‌లో, ముందే ప్రోగ్రాములు రాసి వచ్చిన పిల్లలను అందుకోవడానికి మా అమ్మాయి చాలా కష్టపడింది.

అసలు జాగ్రత్త పడాల్సింది వేరే చోట. మా పక్కింటి అబ్బాయి "కంప్యూటర్ ఉంది కదా ఆంటీ" అని కామర్స్‌లో సీఈబీఏ (కంప్యూటర్ సైన్స్, ఎకనామిక్స్, బిజినెస్ స్టడీస్, అకౌంటెన్సీ) తీసుకున్నాడు. ఫిజిక్స్, మ్యాథ్స్ లేకపోవడంతో బీఈకి అర్హతే లేకుండా పోయింది. బీసీఏలో చేరాడు. ఆ సంగతి చేరేటప్పుడు ఎవరూ చెప్పలేదని వాళ్ళమ్మ ఇప్పటికీ బాధపడుతుంది.

లెక్కల్లో నేర్చుకునే సెట్లు, ప్రస్తారాలు, మాత్రికలు, సంభావ్యత కంప్యూటర్ డిగ్రీలో మళ్ళీ మళ్ళీ వస్తాయి. కాలేజీ చూడడానికి వెళ్ళినప్పుడు లెక్కలు ఎవరు చెబుతారో, ఎలా చెబుతారో సీనియర్ పిల్లలను తప్పకుండా అడగండి.